గీజరు ఆగిపోతే గీజరుదే తప్పా?

లంబసింగి మాకు ఓ ముప్పై కిలోమీటర్లు. అక్కడి మంచు చూడ్డానికి వెళ్లేవాళ్ల కార్లు చలికాలంలో తెల్లవారకముందే మా నర్సీపట్నం మీదుగా వరస కడతాయి. వాళ్లకి చలి సరదా. నాకు చలికాలం అంటే పొద్దున్న అయిదున్నరకి బాత్రూం తలుపు వెనకనుంచి వచ్చే కేక. "అమ్మా, మళ్లీ ఆగిపోయింది!"

కిందటి డిసెంబరంతా ఇదే గోల. మాది 25 లీటర్ల గీజరు. స్విచ్ వేస్తే ఎర్రలైటు వెలుగుతుంది, ఓ పావుగంటకి ఆరిపోతుంది. నీళ్లు గోరువెచ్చన దాటవు. మెకానిక్ వచ్చి మూత విప్పి లోపల ఏదో చిన్న బొత్తాం నొక్కుతాడు. రెండ్రోజులు బాగుంటుంది. మూడోరోజు మళ్లీ కేక.

మొదట తప్పు నామీద పడింది. "నువ్వు గంటలకొద్దీ వేసి ఉంచుతావు" అన్నారు మావారు. "మా కాలంలో ఇవన్నీ లేవు" అన్నారు అత్తయ్య. మెకానిక్ అయితే నాతో మాట్లాడనే లేదు. నేను ఎదురుగా నిలబడి సంగతంతా చెబుతుంటే అతను మావారి వైపు చూసి "ఆడోళ్లు స్విచ్ ఆపరు సార్, అదే ప్రాబ్లం" అన్నాడు. ఆ గీజరుని రోజుకి రెండుసార్లు వేసి, ఆపి, దాని లైటు చూసేది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే!

ఆ మొదటిసారి అతను చేసిన వైద్యం ఏమిటంటే, బోర్డులో 16 ఆంపియర్ల ఎంసీబీ తీసేసి 32 వేశాడు. "చిన్నది కదా, తట్టుకోలేకపోతోంది" అన్నాడు. అసలు ఆ ఎంసీబీ ఒక్కరోజు కూడా కిందకి పడలేదు! పడనిదాన్ని మార్చి డబ్బు పట్టుకెళ్లాడు. 2000 వాట్ల గీజరు మన 230 వోల్టుల కరెంటుకి లాగేది తొమ్మిది ఆంపియర్ల లోపే. ఎంసీబీ ఉన్నది గీజరు కోసం కాదు, గోడలోపల ఉన్న వైరు కోసం. వైరు మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పారితే అది పడిపోవాలి. సన్నటి వైరుకి పెద్ద ఎంసీబీ పెడితే, అది పడేలోపల గోడలో వైరు కాలుతుంది. ఈ మాట చెబితే "మీకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. నిద్రపోయేది ఆ గోడల మధ్యే కదా బాబూ, నాకు కాక ఎవరికి?

రెండోసారి ఇంకా ఘనం. "లోపల కటౌట్ కొట్టేస్తోంది సార్. డైరెక్ట్ చేసేస్తాను, ఇంక ఆగదు." మావారు "చేసెయ్ బాబూ, పిల్లలకి పరీక్షలు" అనేశారు. నేను అడ్డం నిలబడ్డాను. పెళ్లయిన ఇన్నేళ్లలో బయటివాళ్ల ముందు ఆయన మాట కాదన్నది బహుశా అదే మొదలు.

ఎందుకు కాదన్నానో చెబుతాను, ఈ "డైరెక్ట్" అనే మాట మీ ఇంట్లో కూడా ఎప్పుడో వినిపించే ఉంటుంది. గీజరులో కాపలావాళ్లు ఇద్దరు. ఒకటి థర్మోస్టాట్, నీళ్లు తగినంత కాగగానే ఆపుతుంది. అది చెడిపోయి ఆపకపోతే, వేడి మితిమీరినప్పుడు ఆపేది కటౌట్. ఆ కటౌట్‌ని తప్పించి వైరు కలిపేస్తే ఇంక ఒక్కడే కాపలా. వాడూ కన్నుమూస్తే నీళ్లు మరుగుతూనే ఉంటాయి. మూత బిగించిన తొట్టి, ఆవిరి పోయే దారి ఒక్క చిన్న సేఫ్టీ వాల్వు. ఆ వాల్వు కూడా సున్నం పట్టి బిగుసుకుపోయి ఉంటే? కుక్కర్ వెయిట్ మీద రాయి పెట్టి వంట చేయమంటే ఏ ఆడదైనా చేస్తుందా? ఇదీ అంతే.

మెకానిక్‌నే తిట్టి చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. మనం అతనికి డబ్బిచ్చేది నడిపించినందుకు. ఎందుకు ఆగుతోందో కూర్చుని వెతికినందుకు ఎవరిస్తున్నాం? మళ్లీ ఆగితే ఫోన్లో కసురుకునేదీ మనమే. ఆగకుండా చేయడానికి దగ్గరిదారి కాపలావాణ్ణి పంపించేయడం. బోర్డులో ఈఎల్‌సీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీయించేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు పడిపోయి మనిషిని కాపాడే వస్తువది! తడికాళ్లతో నిలబడేచోట దాన్నే తీసేశారు.

ఆ రోజునుంచి పాల లెక్క పుస్తకం వెనకపేజీలో రాయడం మొదలెట్టాను. ఎన్నింటికి వేశాను, ఎన్ని నిమిషాలకి ఆగింది, ఏది ఆగింది. ఈ చివరిదే ముఖ్యం. బోర్డులో ఎంసీబీ పడిందా? అయితే ఎక్కడో షార్టు, లేదా లోడు. ఈఎల్‌సీబీ పడిందా? అయితే కరెంటు లీకవుతోంది, కాయిల్ పగిలి ఉండొచ్చు, అప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. బోర్డులో అన్నీ పైకే ఉండి గీజరు లైటు మాత్రమే ఆరిందా? అయితే లోపలే. ఎనిమిది రోజులు రాశాను. ఒక్కసారి కూడా బోర్డులో ఏదీ పడలేదు. ప్రతిసారీ లోపలే, అదీ పది పదిహేను నిమిషాల్లో. 25 లీటర్ల చన్నీళ్లు బాగా కాగడానికి అరగంట పైన పట్టాలి. పావుగంటలోనే లోపల దేనికో వేడెక్కువైపోతోందంటే, కాయిల్ వేడి నీళ్లకి చేరట్లేదన్నమాట.

మా మామ్మ ఇంట్లో రాగి బాయిలర్ ఉండేది. నడుమ గొట్టంలో నిప్పులు, చుట్టూ నీళ్లు. కొబ్బరి డొక్కలు ఎన్ని వేస్తే ఎన్ని బిందెలు కాగుతాయో, బూడిద ఎప్పుడు దులపాలో, లోపల పొలుసు కట్టిందని ఏ చప్పుడుని బట్టి తెలుస్తుందో అన్నీ ఆవిడకి తెలుసు. బాయిలర్ సంగతి ఆవిణ్ణి కాక తాతయ్యని అడిగినవాళ్లని నేను చూళ్లేదు. దానికి ఒక వైరు తగిలించగానే ఆ తెలివంతా మగవాళ్ల సొత్తు ఎలా అయిపోయిందో నాకు అర్థం కాదు.

మూడోసారి అతను రాగానే పుస్తకం చేతికిచ్చాను. చదివాడు. ఈసారి మావారి వైపు చూడలేదు. "విప్పాలమ్మా" అన్నాడు. నేను టార్చి పట్టుకున్నాను. కరెంటు తీసి, నీళ్లు వదిలి విప్పితే కాయిల్ కనబడితే ఒట్టు! మా బోరునీళ్ల సున్నం వేలిమందాన పట్టుకుని ఉంది. పక్కనే మెగ్నీషియం కడ్డీ ఉండాలి, తొట్టికి తుప్పు పట్టకుండా తాను అరిగిపోయేది. దాని స్థానంలో సన్నటి తీగ మిగిలింది. ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు, దాని పని అది చేసుకుంటూ అరిగిపోయింది. ఇంట్లో ఇంకెవరో గుర్తొచ్చారు గానీ ఆ సంగతి మరోసారి.

కాయిల్, కడ్డీ, కటౌట్ మూడూ కొత్తవి వేయించాను. 32 తీసేసి పాత 16నే పెట్టించాను. అది అతని సంచీలోనే ఉంది, దానికి డబ్బివ్వలేదు. ఇప్పుడు నెలకోసారి ఈఎల్‌సీబీ మీది టెస్టు బొత్తాం నొక్కడం మా పెద్దాడి పని. స్నానానికి వెళ్లేముందు స్విచ్ ఆపడం అందరి పని, అత్తయ్యతో సహా. ఎండాకాలంలో ఎర్తు గుంట ఆరిపోకుండా వారానికి రెండు బిందెలు పోయడం మావారిది. కిందటివారం పోశారా అని అడిగితే "వర్షం పడింది కదా" అన్నారు. నాలుగు చినుకులు! బిందె చేతికిచ్చాను.