ఆ మాట ముందు యజమాని వినాలి

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో నూక పెరిగిన రోజున ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారణం ఉంటుంది. ధాన్యం అతిగా ఎండిందని మిషన్ ఆపరేటర్ అంటాడు. మిషన్ సరిగా బిగించలేదని డ్రయ్యర్ దగ్గరి మనిషి అంటాడు. ఈ మాటలు గుమాస్తా చెవిన పడతాయి, టీకొట్టు దాకా వెళ్తాయి, ఆలస్యంగానైనా యజమానికి చేరతాయి. ఆ ఇద్దరూ మాత్రం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోరు.

దీనికి మిల్లు చెల్లించే ధర తక్కువేమీ కాదు. సర్కారు ధాన్యం ఆడించే మిల్లరు క్వింటాలుకు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. నూక పరిమితి దాటితే ఆ లాటు వెనక్కి వస్తుంది. పైగా ఇప్పుడు చాలా మిల్లుల్లో హమాలీలు బీహార్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కంటబడిన లోపం యజమానికి తెలియాలంటే భాష అడ్డు, భయం అడ్డు.

కలిసి పనిచేసేవాళ్లు ఒకరి పని గురించి ఒకరు ముఖాముఖి చెప్పుకునే కసరత్తులు హైదరాబాద్ ఐటీ కంపెనీలకే పరిమితమని మన దగ్గర ఒక అభిప్రాయం ఉంది. నిజానికి వాటి అవసరం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనే ఎక్కువ. ఇక్కడి దుకాణంలో, మిల్లులో, ఆస్పత్రిలో పనిచేసేవాళ్లలో బంధువులుంటారు, ఒకే ఊరివాళ్లుంటారు. మాట పట్టింపు వస్తే అది పెళ్లిళ్ల దాకా పోతుంది. ఆ భయంతోనే నోళ్లు మూతపడతాయి.

ఈ పద్ధతి పుట్టుక ఆసక్తికరం. 1946 వేసవిలో అమెరికాలోని కనెక్టికట్‌లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక శిక్షణ నడిపాడు. పగలు జరిగినదాన్ని పరిశోధకులు రాత్రి కూర్చుని చర్చించుకునేవారు. శిక్షణకు వచ్చినవాళ్లు కొందరు తామూ వింటామని అడిగారు. లెవిన్ సరేనన్నాడు. తన ప్రవర్తన గురించి పరిశోధకులు చెప్పింది సరికాదని ఒకామె అక్కడికక్కడే అడ్డుచెప్పింది. ఆయన నొచ్చుకోలేదు, సంబరపడ్డాడు. తర్వాతి రాత్రుల్లో మిగిలినవాళ్లూ వచ్చి కూర్చున్నారు. తమ గురించి తాము వినడమే అసలు పాఠమని అప్పుడు తేలింది.

తెలుగు నేలకూ ఇందులో వాటా ఉంది. 1964లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించింది. పద్దులు, పన్నులు కాదు అక్కడ నేర్పింది. తామెవరో, ఏం కోరుకుంటున్నారో, ఏ అలవాటు తమను వెనక్కి లాగుతోందో ఆ వ్యాపారులు కథలు రాసి, ఆటలాడి, తోటివారితో చర్చించి తెలుసుకున్నారు. ఆ తర్వాత కొత్త పెట్టుబడుల్లో, కొత్త ఉద్యోగాల కల్పనలో వాళ్లు శిక్షణ పొందని వ్యాపారులకంటే ముందున్నారని 1969లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

అయితే తప్పొప్పులు ఎలా చెప్పినా మేలే జరుగుతుందనుకుంటే పొరపాటు. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో వందల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు మరింత తగ్గింది. పనిని వదిలి మనిషిమీదికి మళ్లిన మాట కీడు చేస్తుందని వారి వివరణ. ‘నీకు శ్రద్ధ లేదు’ అంటే ఎదుటివాడు ముడుచుకుపోతాడు. ‘నిన్న రెండో బ్యాచ్ తేమ చూడకుండానే దింపావు’ అంటే దిద్దుకోవడానికి ఒక దారి దొరుకుతుంది.

పెద్దలకు ఎదురుచెప్పడం మన పద్ధతి కాదని కొందరంటారు. ఆ మర్యాద విలువైనదే. అయితే ఆపరేషన్ థియేటర్‌లో అదే మర్యాద ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలో, కోత పెట్టే ముందు బృందంలో ప్రతి ఒక్కరూ తమ పేరు, పని చెప్పాలని రాశారు. ఒకసారి గొంతు విప్పిన నర్సు తర్వాత తేడా కనబడితే ఊరుకోదన్న ఆలోచన దాని వెనుక ఉంది. 2019లో మొదలైన సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలలో చదివే యువ డాక్టర్లకు ఇది మొదటి ఏడాది నుంచే అలవాటు కావాలి.

కాగితాలు నింపించినంత మాత్రాన కూడా పని జరగదు. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపు కోరే కళాశాలలు విద్యార్థుల అభిప్రాయాలు తీసుకోవాలి, వాటిపై తీసుకున్న చర్యనూ చూపాలి. కోదాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ విద్యార్థులు నింపే ఫారాలకూ ఈ నియమమే వర్తిస్తుంది. తాను రాసినదానికి జవాబు ఎరగని విద్యార్థి మరుసటి ఏడాది అన్ని గళ్లలోనూ ‘బాగుంది’ అని టిక్కు పెట్టేస్తాడు.

జవాబుదారీతనం ఎలా ఉంటుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. మన పల్లెల్లో మహిళా సంఘాలు పంచసూత్రాలు పాటిస్తాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. వాయిదా ఎవరు కట్టలేదో అందరి ముందూ తెలుస్తుంది, ఎందుకు కట్టలేకపోయిందో ఆమె అందరి ముందే చెప్పుకుంటుంది. సమావేశం తప్పని సంఘంలో ఆ మాట అవమానంగా మారదు. వచ్చే వారం మళ్లీ అదే చాపమీద కూర్చోవాలని అందరికీ తెలుసు.

ఈ మూడు పట్టణాల యజమానులు, సూపరింటెండెంట్లు, ప్రిన్సిపాళ్లు ఆ క్రమాన్నే తమ చోటికి తెచ్చుకోవాలి. ఒక్కరోజు వ్యక్తిత్వ వికాస తరగతికి వేలు పోసి, మర్నాటి నుంచి పాత పద్ధతిలోనే అరిస్తే ఉన్న నమ్మకం కూడా పోతుంది. పదిహేను రోజులకొకసారి అరగంట చాలు. మొదట యజమాని కూర్చోవాలి. ‘నా వల్ల మీ పని ఎక్కడ ఆగుతోంది?’ అని ఆయనే అడగాలి. అడ్డుతగలకుండా విని రాసుకోవాలి. తెలుగు రాని హమాలీ హిందీలో చెబితే దాన్ని తెలుగులోకి మార్చే మనిషి పక్కన ఉండాలి. తర్వాతి సమావేశం ఆ రాసుకున్నదాంట్లో ఏది మారిందో, ఏది మారలేదో, ఎందుకో చెప్పడంతో మొదలు కావాలి. అలా రెండు మూడు విడతలు గడిచాకే డ్రయ్యర్ దగ్గరి మనిషినీ, మిషన్ ఆపరేటర్‌నూ ఒకరి పని గురించి ఒకరిని మాట్లాడమనాలి.

వానాకాలం ధాన్యం మిల్లులకు పోటెత్తాక ఎవరికీ తీరిక చిక్కదు. సీజన్ మొదలయ్యేలోపే ఆ మొదటి అరగంట కేటాయించడం మిల్లరు చేతిలో పని.