మన బాలికలు - యాప్ పోటీలు

ఉన్నత పాఠశాలలో చదువుకొను బాలికలకు పోటీలనగా మనకు తెలిసినవి వ్యాసరచన, వక్తృత్వము, సంగీతము, సంక్రాంతి ముగ్గులు. కొన్ని యేండ్లుగా వీని సరసన మఱియొకటి చేరినది. తమ యూరి కష్టమొకదానిని తామే యెన్నుకొని, దానిని తీర్చుటకు సెల్‌ఫోనులో పనిచేయు యాప్ నొకదానిని తామే కూర్చి, అది యెట్లు పనిచేయునో పరీక్షకులకు విప్పి చెప్పవలెను. ఈ మాసమున ఆ పోటీని గూర్చి సోదరీమణులకు విన్నవింపదలచితిని.

ఇట్టి పోటీలలో కేవలము బాలికల కొఱకే నడచునది టెక్నొవేషన్ గర్ల్స్ అనునది. 2010లో అమెరికా దేశమున ఆరంభమైనది. దీనిని నడపు సంస్థను నెలకొల్పిన తారా ఛ్‌క్లోవ్‌స్కీ మన దేశపు భోపాలు నగరమున పెరిగిన వనితయే. 8 మొదలు 18 ఏండ్ల వఱకు వయస్సుగల బాలికలు ఒంటరిగా గాని, ఐదుగురికి మించని జట్టుగా గాని చేరవచ్చును. రుసుము లేదు. తల్లిగాని తండ్రిగాని సమ్మతి తెలుపుట మాత్రము తప్పనిసరి. మన యిండ్లలో చిక్కు వచ్చునది ఆ సమ్మతి యొద్దనే కావున, ఆ మాట కొంచెము తరువాత చెప్పెదను.

“ఇది హైదరాబాదు, బెంగుళూరు బిడ్డలకు తగునుగాని, సున్నపు బట్టీల నడుమ పెరిగిన మా పిడుగురాళ్ల పిల్లలకెక్కడిది?” అని కొందఱు తల్లులు పెదవి విఱువవచ్చును. వారికి ఒనిచా పట్టణపు సంగతి తెలియవలెను. ఆఫ్రికా ఖండమున, నైజీరియా దేశములో, నైజరు నది యొడ్డున నున్న పెద్ద వర్తక పట్టణమది. 2018లో అచ్చటి రెజీనా పాసిస్ పాఠశాలనుండి ఐదుగురు బాలికలు ఈ పోటీలో చేరిరి. వారి దేశమున నకిలీ మందుల బెడద మిక్కుటము. తాను కొన్నది మందో, సుద్దపొడియో రోగికి తెలియదు. మందుడబ్బాపై నుండు బార్‌కోడును ఫోనుతో చదివించినచో అది అసలైనదా, నకిలీదా, గడువు తీఱినదా అని తెలుపు యాప్‌ను వారు కూర్చిరి. ఆ యేటి ఆగస్టులో కాలిఫోర్నియాలో జరిగిన తుదిపోటీలో అమెరికా, చైనా మొదలగు దేశముల జట్లను మించి, చిన్నవారి విభాగమున ప్రథమ బహుమానమును గైకొనిరి.

కంప్యూటరు విద్యలో వారు అమెరికా బాలికలను మించినవారని నేననుకొనను. తమ వాకిటనున్న బాధను పట్టుకొనిరి. అదియే వారిని గెలిపించినదని నా యభిప్రాయము.

మన పల్నాటిలో నట్టి బాధలకు కొదువ యేమున్నది? నకిలీ పత్తి విత్తనము కొని, కాయ పట్టని చేలను చూచి కుమిలిన కుటుంబములు మనకు తెలియనివి కావు. 2021-22లో నల్ల తామరపురుగు మిరపపూలలో జొరబడినప్పుడు, ఏమి చేయవలెనో తోచక, అంగడివాడు చెప్పిన మందెల్ల కొట్టి అప్పులపాలైన యిండ్లెన్ని! ఇక మిరపకాయలు కోయు స్త్రీల కూలి మాట చూడుడు. ఒకచోట దినకూలి, మఱియొకచోట కిలోల లెక్క. మేస్త్రీ కాగితముపై వ్రాసికొన్నదే లెక్క. కోతలు ముగిసి సొమ్ము పంచునాడు ఎవరికెన్ని దినములు, ఎన్ని కిలోలు అని తగవు. చదువురాని తల్లి తన ఫోటోను వ్రేలితో తాకి, నాటి తూకమును నాడే చేర్చుకొని, మొత్తమెంతయైనదో ఫోను చదివి వినిపింపగా వినగలిగిన నెంత బాగుండును! ఈ యక్కఱ ఆ తల్లి కూతురికి తెలిసినట్లు ఏ యింజనీరునకు తెలియును? కావున జట్టులో చేరిన బిడ్డ మొదట కంప్యూటరు ముందు కాదు, అమ్మ ప్రక్కన కూర్చుండి నాలుగు ప్రశ్నలడుగవలెను.

కోడింగను పేరు విని బెదరవలదు. పాలు కాచునపుడు మనమేమి చేయుదుము? “పొంగు వచ్చినచో మంట తగ్గింపుము, రానిచో వేచియుండుము” అని మనసులో నొక నియమము పెట్టుకొందుము. అట్టి నియమములను యంత్రమునకు తెలియు భాషలో వరుసగా వ్రాయుటయే కోడింగు. యంత్రమునకు వేగమే గాని వివేకము లేదు. పాలు విఱిగినచో నేమి చేయవలెనో వ్రాయ మఱచితిమా, విఱిగిన పాలనే కాచుచుండును! క్రొత్తగా నేర్చువారికి అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమువారి యాప్ ఇన్వెంటరు అను సాధనము కలదు. అందు పొడవైన వాక్యములను టైపు చేయు పని లేక, నియమములు గల రంగురంగుల ముక్కలను ఒకదానికొకటి తగిలించి యాప్‌ను కూర్చవచ్చును. పాఠశాల కంప్యూటరుపై కూర్చి, ఫోనులో పరీక్షించుకొనవచ్చును. ఇదియు నుచితమే. ఇట్టివి దొరకుచుండగా, వేలకువేలు రుసుమడుగు కోడింగు తరగతుల ప్రకటనలను చూచి మోసపోవలదని నా మనవి.

ఇక చిక్కు మాట. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎన్నడైనను ఇంటర్నెట్టును వాడినవారు నూటికి 21 మంది. పురుషులలో సుమారు 49 మంది. ఇంటికొక్క ఫోనున్నచో అది తండ్రి జేబులోనో, అన్న చేతిలోనో యుండును. ఆడపిల్ల యడిగినచో “నీకెందుకు?” అను మాట వచ్చును. తల్లుల భయము కేవలము వట్టిది కాదు. ఫోనుమూలమున చిక్కులలో పడిన బిడ్డలున్నారు. కాని గంటలకొలది వీడియోలు చూచు చేయి వేఱు, యాప్ కూర్చు చేయి వేఱు. అన్న యాటలాడుటకు దొరకు ఫోను చెల్లెలి పాఠమునకు దొరకకుండుట యే న్యాయము? నడవలో, నలుగురి యెదుట, సాయంకాలమొక గంట విడిచిన చాలును. ఐదుగురు పిల్లల జట్టునకు ఒక్క ఫోనున్నను పని సాగును.

ఈ పోటీలో పెద్దవారి విభాగము 16 మొదలు 18 ఏండ్ల వారికి. మన రాష్ట్రమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకమునుపే పెండ్లియైనదని పైజెప్పిన సర్వేయే తెలుపుచున్నది. అనగా సాటి దేశముల బిడ్డలు పరీక్షకుల యెదుట నిలుచు వయస్సున మన బిడ్డలు కొందఱు అత్తవారింట వంట నేర్చుకొనుచున్నారు. సమ్మతి పత్రము చేతికి వచ్చినపుడు తల్లులు ఈ లెక్కను తలచుకొందురు గాక.

చేరదలచినవారికొక సూచన. నమోదు సాధారణముగా దసరా ప్రాంతమున మొదలై, యాప్‌ను సమర్పించు గడువు వేసవి తొలినాళ్లలో వచ్చును. మన పదవ తరగతి పరీక్షలు మార్చిలో జరుగును, మిరపకోతలును అప్పుడే. రెంటి నడుమ బిడ్డ నలిగిపోకుండుటకై తొమ్మిదవ తరగతిలోనే చేర్చుట మేలు. పదమూడు, పదునాలుగేండ్లవారు చిన్నవారి విభాగమునకే వత్తురు. కష్టమును ఎన్నుకొను పని సంక్రాంతి సెలవుల లోపల ముగించినచో, కోతలకు పోవు స్త్రీల చేతికే ఆ యాప్‌నిచ్చి, ఏ బొమ్మ తెలియలేదో, ఏ అంకె తప్పు పడెనో చూచి దిద్దుకొనుటకు వ్యవధి యుండును.