తీగ పోయింది సరే, చూపు ఎక్కడికి పోతోంది?

ఫోనులోని పటాన్ని, పాటలను తీగ లేకుండా కారు తెరపైకి తెచ్చే అడాప్టర్ కొనదలచినవారు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎంత త్వరగా కలుస్తుంది? ధర ఎంత? అందులో సినిమాలు వస్తాయా? నాల్గవ ప్రశ్న ఒకటి ఉంది. దానిని అడిగేవారు అరుదు. ఈ పరికరం నా చూపును రోడ్డు మీద నిలవనిస్తుందా, తెర మీదికి లాగుతుందా? మొదటి రెండు ప్రశ్నలూ దీని తరువాతే రావాలి. మూడవది అసలు రానేకూడదు.

ఎలక్ట్రానిక్ వస్తువుల కొనుగోలులో వైద్యుడికేమి పని అని కొందరికి అనిపించవచ్చు. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయని, వాటిలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక చెబుతోంది. అంటే రోజుకు సుమారు 460 మంది. ఏ జ్వరమో ఇంతమందిని బలిగొంటే దానిని మహమ్మారి అని పిలిచేవాళ్ళం. దోమతెరలు పంచేవాళ్ళం, టీకా కోసం బారులు తీరేవాళ్ళం. రోడ్డు మీద పోయే ప్రాణాలను మాత్రం విధి ఖాతాలో వేసి ఊరుకుంటున్నాం. నివారించదగిన మరణం ఎక్కడ జరిగినా అది వైద్యుడి పరిధిలోని విషయమే.

ముందుగా ఈ పరికరం పనిచేసే తీరు తెలుసుకుందాం. యాపిల్ కార్‌ప్లే, గూగుల్ ఆండ్రాయిడ్ ఆటో రెండూ 2014లో లోకానికి పరిచయమయ్యాయి. తొలినాళ్ళలో రెండింటికీ తీగ తప్పనిసరి. ఇప్పటికీ అనేక కార్లలో తీగతో కలిపే సౌకర్యమే ఉంది. ఆ లోటును పూరించడానికి వచ్చినదే అడాప్టర్. దీనిని కారులోని యూఎస్‌బీ రంధ్రంలో పెడితే, అది తానే ఫోనునని కారును నమ్మిస్తుంది. అటువైపు అసలు ఫోనును మొదట బ్లూటూత్ ద్వారా గుర్తుపట్టి, ఆ తరువాత చిత్రాన్నీ శబ్దాన్నీ వైఫై మీదుగా తీసుకొంటుంది. ఇది వట్టి వంతెన. కారులో మొదటినుంచీ తీగ ద్వారా కార్‌ప్లేగానీ ఆండ్రాయిడ్ ఆటోగానీ పనిచేయకపోతే, ఈ వంతెనకు అవతలి ఒడ్డే ఉండదు. కొన్నా ఉపయోగం లేదు.

బజారులో ఒకే వరుసలో అమ్ముతున్న ఈ వస్తువులలో నిజానికి రెండు జాతులు ఉన్నాయి. మొదటిది ఇప్పుడు చెప్పిన వంతెన. ఏఏవైర్‌లెస్, మోటరోలా ఎంఏ1 వంటివి ఈ కోవకు చెందుతాయి. రెండవ జాతిని ఆండ్రాయిడ్ బాక్స్ అనీ, ఏఐ బాక్స్ అనీ అమ్ముతున్నారు. ఇది వంతెన కాదు, తనంతట తానే ఒక చిన్న కంప్యూటర్. కొన్నిటిలో సిమ్ కార్డు కూడా పెట్టుకోవచ్చు. వాహనం కదులుతుండగా చలనచిత్రాలు చూపరాదన్నది కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోలు మొదటినుంచీ పాటిస్తున్న నియమం. ఈ పెట్టె ఆ కార్‌ప్లే ద్వారం గుండానే లోపలికి ప్రవేశించి, ఆ నియమాన్ని మాత్రం గడప బయట వదిలిపెడుతుంది. దీనిని సౌకర్యం అనడం భాషకు చేసే ద్రోహం. కాపలావాడిని పక్కకు నెట్టి తలుపు తెరవడాన్ని ఏ ఇంట్లోనూ సౌకర్యం అనరు.

దీనిని సమర్థించేవారి వాదనలు మూడు. ‘పిల్లల కోసం’ అంటారు. పిల్లలు వెనుక సీటులో ఉంటారు. తెర మాత్రం డ్రైవరు ముందు ఉంటుంది. పిల్లలు చూడగలిగిన ప్రతి దృశ్యాన్నీ బండి నడిపేవారు వారికంటే దగ్గరగా చూస్తారు. ‘సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రమే చూస్తాను’ అంటారు. పచ్చ దీపం వెలగగానే కథ ఆగదు. కుతూహలం బండితోపాటే ముందుకు సాగుతుంది. ‘నేను చూడను, వింటానంతే’ అంటారు. వినడమే ఉద్దేశమైతే సినిమా దేనికి? పాట చాలు.

కంటి నిర్మాణం తెలిస్తే ఈ వాదనలు నిలవవు. మనకు కనిపించే విశాల దృశ్యంలో మధ్యనున్న సుమారు రెండు డిగ్రీల భాగాన్ని మాత్రమే కన్ను అతి స్పష్టంగా చూస్తుంది. చేయి చాచి బొటనవేలిని నిలబెడితే, ఆ గోరు వెడల్పు ఎంతో దాదాపు అంత. మిగిలినదంతా మసకగా అందే సమాచారమే. ఆ చిన్న భాగం తెర మీద ఉన్నంతసేపూ రోడ్డు మసకలోకి జారిపోతుంది. ఏదో కదిలిందని తెలుస్తుంది. అది కాగితమో, కుక్కపిల్లో, సైకిలు మీది పిల్లవాడో తెలియదు. నలభై అయిదేళ్ళు దాటినవారికి మరొక చిక్కు ఉంది. కంటిలోని కటకం గట్టిపడి, దూరం నుంచి దగ్గరకూ, దగ్గర నుంచి దూరానికీ చూపు సర్దుకోవడం కష్టమవుతుంది. దూరపు చూపుకు సరిచేసిన కళ్ళద్దాలతో బండి నడిపే వ్యక్తికి తెర మీది చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్లు ఉంటాయి. చదవలేక మరికొంత సేపు చూస్తాడు. ఆ ‘మరికొంత సేపు’లోనే ప్రమాదం కాచుకొని ఉంటుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు సెకనుకు 22 మీటర్లు ప్రయాణిస్తుంది. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2013లో వాహన తయారీదారులకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కారులోని ఏ పరికరమైనా డ్రైవరు చూపును ఒక్కొక్కసారి రెండు సెకన్లకు మించి, ఒక పనికి మొత్తంమీద 12 సెకన్లకు మించి మళ్ళించకూడదు. రెండు సెకన్లంటేనే 44 మీటర్ల గుడ్డి ప్రయాణం. రెండు సెకన్లలో చూసి వదిలేసేలా తీసిన సినిమా సన్నివేశం ఎక్కడైనా ఉందా? చూపును కట్టిపడేయడమే దాని వృత్తిధర్మం కదా!

అయితే వంతెన వంటి అడాప్టర్లు పూర్తిగా నిర్దోషులా? అదీ కాదు. చూపు తరువాత మెదడు సంగతి చూడాలి. 1997లో టొరంటో వైద్యుడు డొనాల్డ్ రెడెల్‌మైయర్, గణాంక శాస్త్రవేత్త రాబర్ట్ టిబ్‌షిరానీ కలిసి ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక పరిశోధన ప్రచురించారు. ఫోనులో మాట్లాడుతున్న సమయంలో ప్రమాదావకాశం నాలుగు రెట్లు ఉన్నదని తేల్చారు. చేతితో పట్టుకోకుండా మాట్లాడే ఫోన్ల వల్ల అదనపు రక్షణ ఏదీ వారికి కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే మాట చెబుతోంది. 2020లో బ్రిటన్‌లోని రవాణా పరిశోధనాలయం కృత్రిమ డ్రైవింగ్ యంత్రంపై జరిపిన పరీక్షలో, కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోలను వేలితో తాకుతూ వాడినవారి ప్రతిస్పందన కాలం సగానికి పైగా పెరిగింది. నోటిమాటతో వాడినా 30 శాతానికి తగ్గలేదు. అక్కడి చట్టం అనుమతించే గరిష్ఠ పరిమితి మేరకు మద్యం సేవించినవారిలో పెరుగుదల సుమారు 12 శాతమే. మద్యం తాగి బండి నడపడం నేరమని పసిపిల్లలకు కూడా తెలుసు. తెరను తడుముతూ నడపడం మాత్రం హోదా అయింది!

మరొక వైపు కూడా చెప్పడం న్యాయం. అమెరికాలోని ఏఏఏ సంస్థ 2018లో ప్రకటించిన పరీక్షలలో, కార్ల తయారీదారులు సొంతంగా అమర్చిన వ్యవస్థలకంటే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోలు డ్రైవరు మీద తక్కువ భారం మోపాయి. ఒడిలోనో, గేరు పక్కనో పెట్టుకున్న ఫోనులోకి వంగి చూడటంతో పోలిస్తే, ఎదుట కాస్త ఎత్తులో ఉన్న పెద్ద పటం నిస్సందేహంగా మేలు. అందుకే అడాప్టర్ వద్దేవద్దని నేను అనడం లేదు. కానీ మేలైనది వేరు, హాని లేనిది వేరు. ఈ రెండింటికీ తేడా చెరిపివేయడమే ప్రకటనల పని. ఆ తేడాను గుర్తుచేయడం మన పని.

చట్టం మనల్ని కాపాడుతుందని భరోసా పడటానికీ వీల్లేదు. మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్‌కు 2019లో చేసిన సవరణ, బండి నడుపుతూ చేతిలో ఫోను వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గా పరిగణిస్తుంది. మంచిదే. కానీ ఆ మాటలు చేతిని చూస్తాయి, మెదడును చూడవు. చేతిలో ఫోను లేదు కనుక తప్పు లేదని అనుకునేవారికి చట్టం తగలకపోవచ్చు, లారీ తగులుతుంది.

ఈ పరికరాల గురించి అనేకమందికి ఉన్న భయం మాత్రం వేరు: ‘మూసిన కారులో వైఫై రేడియేషన్ ప్రమాదం కాదా?’ అని. ఇవి అయనీకరణ శక్తి లేని, అతి తక్కువ తీవ్రత గల తరంగాలు. ఎక్స్‌రే కోవకు చెందినవి కావు. 2011లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను ‘బహుశా కేన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చిన మాట నిజం. తూర్పు ఆసియా దేశాల పద్ధతిలో ఊరవేసిన కూరగాయలు కూడా అదే వర్గంలో ఉన్నాయి. ఆధారాలు పరిమితమని చెప్పే వర్గం అది. ప్రాణహాని నిర్ధారణ కాదు. కనిపించని తరంగానికి భయపడి, కళ్ళెదుటి లారీని మరచిపోవడం తగదు.

ఇక కొనేవారు చూడవలసిన విషయాలు చెబుతాను. మొదటిది, అది వంతెన మాత్రమేనా అన్నది. వీడియోలు ఆడే పెట్టెను ఎంత చవకగా ఇచ్చినా తిరస్కరించండి. రెండవది, మీ కారు, మీ ఫోను రెండింటికీ పొందిక. కొన్ని అడాప్టర్లు ఆండ్రాయిడ్ ఫోన్లకు మాత్రమే, కొన్ని ఐఫోన్లకు మాత్రమే పనికివస్తాయి. మూడవది, బండి స్టార్ట్ చేయగానే ఏ మీటా నొక్కనవసరం లేకుండా తనంతట తాను కలవడం. నాల్గవది, అన్నిటికంటే ముఖ్యమైనది, దారి మధ్యలో తెగిపోకుండా నిలకడగా ఉండటం. కూడలి మధ్యలో పటం మాయమైతే చేయి అప్రయత్నంగా తెర మీదికి పోతుంది. అందుచేత నిలకడ అనేది హంగు కాదు, భద్రత. తిరిగి ఇచ్చే గడువు ఉన్నచోటనే కొని, ఆ గడువులోగా బండి నడపని మరొకరి చేత పరీక్షింపజేయండి. తరచుగా తెగుతుంటే తిరిగి ఇచ్చేసి, పాత తీగనే వాడుకోండి. అందులో నామోషీ లేదు. అయిదవది, పరికరాన్ని ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే చోట అంటించవద్దు. ఫోను కూడా ఈ పనిలో వేడెక్కుతుంది కనుక, మన వేసవి ఎండ పడే డాష్‌బోర్డు మీద దానిని ఉంచవద్దు.

కొన్న తరువాత పాటించవలసిన నియమం ఇంకా చిన్నది. గమ్యాన్ని బండి కదలకముందే నమోదు చేయండి. పాటలు ముందే ఎంచుకోండి. కాల్ వస్తే పక్కన కూర్చున్నవారు మాట్లాడతారు. ఒంటరిగా ఉంటే కాల్ వేచి ఉంటుంది. అత్యవసరమైతే బండిని సురక్షితమైన చోట పక్కకు ఆపి మాట్లాడండి. అమ్మానాన్నలు బండి నడుపుతున్నారని తెలిసి ఫోను చేసే పిల్లలకు, పిల్లలు నడుపుతున్నారని తెలిసి ఫోను చేసే అమ్మానాన్నలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

దుకాణంలో ఎవరైనా ‘బండి నడుస్తుండగా కూడా సినిమా ఆడుతుంది సార్’ అని గొప్పగా చూపిస్తే, అది ఆ వస్తువు సుగుణం కాదు, దాని రోగనిర్ధారణ. నమస్కారం పెట్టి, ఖాళీ చేతులతో బయటికి రండి.