వరద తీశాక మొదలయ్యే పని

ఈశాన్య రుతుపవనం దగ్గరపడితే చాలు, చెన్నైలోని మన వాళ్ళ మాటల్లోకి 2015 డిసెంబరు వచ్చేస్తుంది. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన. చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కుల నీళ్ళు అడయారులోకి. రెండు గట్ల మీదా ఇళ్ళు మునిగిపోయాయి. అది మనుషులు తెచ్చిపెట్టిన విపత్తు అని కాగ్ నివేదిక తర్వాత తేల్చి చెప్పింది. ఎనిమిదేళ్ళకు, 2023 డిసెంబరు 4న, మిచాంగ్ తుపాను బాపట్ల వైపు వెళ్తూ వెళ్తూ చెన్నైని మళ్ళీ ముంచింది. రెండుసార్లూ ప్రభుత్వం కంటే ముందు వీధిలోకి దిగింది మామూలు జనమే. జాలరులు పడవలను లారీల మీద వేసుకుని నగరంలోకి తెచ్చారు. కుర్రాళ్ళు నడుంలోతు నీళ్ళలో పాలపొడి మోశారు. ఆ మంచితనాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మనకు లేదు. అయితే ఆ మంచితనం ఎన్నాళ్ళు నిలుస్తోంది, ఎవరి ఇంటిదాకా వెళ్తోంది అన్నదే ఇక్కడ మన ప్రశ్న.

మొదటి మూడు రోజులు పులిహోర పొట్లాలకు లోటుండదు. పెద్ద రోడ్డు మీద బండి ఆగే చోట ఒకే ఇంటికి నాలుగు పొట్లాలు అందుతాయి, లోపలి సందుకు ఒక్కటీ చేరదు. పాత బట్టల సంగతి ఇంకా దారుణం. పెళ్ళినాటి పట్టుచీర, జిప్పు ఊడిన ప్యాంటు, ఒంటి చెప్పు అన్నీ మూటగట్టి పంపుతాం. తీసుకున్నవాళ్ళు వాటిని ఏం చేసుకోవాలో తెలియక వీధి చివర పోస్తే, ఆ తడిసిన గుట్టను ఎత్తాల్సింది మళ్ళీ కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికులే. వారం తిరిగేసరికి నీళ్ళు తీస్తాయి, కెమెరాలు వెళ్ళిపోతాయి, మనమూ ఆఫీసులకు వెళ్ళిపోతాం. వరదపాలైన ఇంటికి అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ముందు బురద. అది పచ్చిగా ఉన్నప్పుడే తీయాలి. రెండు రోజులు ఎండిందంటే సిమెంటులా పట్టేసి పారకు లొంగదు. కరెంటు మెయిన్ ఆపారో లేదో చూసుకోకుండా ఎవరూ గడప దాటకూడదు. బీరువా కింద పాము ఉండొచ్చు. సంపులో మురుగు కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని ఖాళీ చేసి, కడిగి, బ్లీచింగ్ వేసేదాకా ఆ నీళ్ళు ముట్టుకోకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో తిరిగితే లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కాలి మీద చిన్న గీత ఉన్నా చాలు. అందుకే సాయానికి వెళ్ళేవాళ్ళకు గమ్‌బూట్లు, చేతి తొడుగులు ముఖ్యం, సంఘం పేరు రాసిన టీషర్టులు తర్వాత చూసుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఇళ్ళలో బురద కడగడానికి ఫైరింజన్లే తెప్పించాల్సి వచ్చింది. ఒక ముసలి దంపతులు చీపురుతో చేసుకోగలిగిన పని కాదది. నలుగురు గట్టి మనుషులు, రెండు పారలు, నాలుగు తట్టలు, ఒక పూట తీరిక ఉంటే ఒక ఇల్లు మళ్ళీ ఇల్లవుతుంది. వంద పొట్లాలకంటే ఇది పెద్ద సాయం అని మన అభిప్రాయం.

ఇక్కడ మనం అంతగా మాట్లాడుకోని విషయం ఒకటుంది. చెన్నై వీధుల్లో ఆ బురదను, చెత్తను ఎత్తే చేతుల్లో చాలా చేతులు తెలుగువాళ్ళవే. తరాల కిందట ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి ఉత్తర చెన్నైలో స్థిరపడ్డ ఆది ఆంధ్ర కుటుంబాలు ఈనాటికీ ఇంట్లో తెలుగు మాట్లాడతాయి. నగరం మునిగినప్పుడు వాళ్ళ ఇళ్ళూ మునుగుతాయి. అయినా తెల్లవారి డ్యూటీకి రావాల్సిందే, ఎవరి వీధో కడగాల్సిందే, సాయంత్రం పోయి సొంత ఇంటి బురద చూసుకోవాల్సిందే. 2025 ఆగస్టులో రిప్పన్ భవనం ముందు రోజుల తరబడి కూర్చుని, అర్ధరాత్రి పోలీసుల చేత లేపించుకున్న కాంట్రాక్టు కార్మికుల గోడు పేపర్లలో చదివాం. వాళ్ళలో మన భాషవాళ్ళు ఎందరో ఎన్ని తెలుగు సంఘాలు అడిగి ఉంటాయి? ఉగాదికి పిలిచే జాబితాలో వాళ్ళ పేర్లు కనబడవు. విజయవాడ మునిగితే వెంటనే చందాలు పోగుచేసే మనకు పులియంతోప్పు మాత్రం దూరంగానే ఉంటుంది. విజయవాడకు పంపొద్దని కాదు, తప్పకుండా పంపాలి. పక్క పేట మునిగినప్పుడు కూడా అదే తొందర కావాలి.

రెండో పని కాగితాలది. ఇందులో మన సంఘాలు చేయగలిగినంత ఇంకెవరూ చేయలేరు. 2015లో గుడిసె పోయినవాళ్ళకు 10 వేలు, మిగతా ఇళ్ళకు 5 వేల రూపాయలు బ్యాంకు ఖాతాల్లో వేస్తామన్నారు. తడిసిపోయిన పత్రాలకు బదులు కొత్తవి ఇవ్వడానికి ప్రత్యేక శిబిరాలు పెట్టారు. 2023లో 6 వేలు రేషన్ షాపుల ద్వారా చేతికిచ్చారు. కార్డు లేనివాళ్ళు వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. చూడటానికి సులువే. కానీ మనిళ్ళలో పేరే పెద్ద చిక్కు. ఒక కార్డులో ఇంటిపేరు పొడి అక్షరం ఉంటుంది, ఇంకో దాంట్లో తమిళ పద్ధతిలో తండ్రి పేరు పొడి అక్షరం ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర. గుమస్తాకు ఇవి ముగ్గురు మనుషులు. ఈ తేడా ఎందుకు వచ్చిందో అతనికి తమిళంలో విడమరిచి చెప్పి, అవ్వకు తెలుగులో ధైర్యం చెప్పి, ఫారం నింపి, రసీదు తీసుకుని, పది రోజులాగి మళ్ళీ వెళ్ళి అడిగే మనిషి కావాలి. అది రిటైరైన బ్యాంకు ఉద్యోగి కావచ్చు, కాలేజీ అమ్మాయి కావచ్చు. నీళ్ళలో దిగక్కర్లేదు.

యానాంలో ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. గౌతమి పక్కనున్న యానాం వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. నది ఒకటే, ముంచిన నీళ్ళూ ఒకటే. కానీ ఇటు ఇంటికి సాయం ఎంతో తేల్చేది ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఉన్న పుదుచ్చేరి, పక్క ఊరి ఇంటికి ఆంధ్ర ప్రభుత్వం. కార్డు ఒకవైపు, కాపురం ఇంకోవైపు ఉన్న కుటుంబం రెండు జాబితాల మధ్యా జారిపోవచ్చు. అధికారులు ఎల్లలు దాటలేరు. సాయానికి వెళ్ళేవాళ్ళకు ఆ అడ్డు లేదు, ఇటు నింపిన పేర్లు అటు పట్టుకెళ్ళి సరిచూడగలరు.

ఇక డబ్బు. పోగైన చందా అంతా మొదటి వారం అన్నదానానికే అవగొట్టే అలవాటు మానుకోవాలి. సగమైనా నెలాఖరుదాకా ఆపి ఉంచితే, నీళ్ళు తాగి ఆగిపోయిన కుట్టుమిషను బాగవుతుంది, ఇస్త్రీ బండికి కొత్త పెట్టె వస్తుంది, పిల్లల పుస్తకాలు వస్తాయి. ఫొటోలో ఇవి బాగా పడవు, దాతలకు చూపించడం కొంచెం కష్టం. లెక్క మాత్రం రాసి గోడకు అంటించాలి.

వానలు ఇంకా రాలేదు. ఈ ఆదివారమే ప్రతి సంఘమూ తన పేటలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, కింది అంతస్తువాళ్ళు, కార్డు లేనివాళ్ళు ఎవరో ఒక నోటుబుక్కులో రాసుకోవచ్చు. వాళ్ళ ఆధార్, రేషన్ కార్డు, పాసుపుస్తకం జిరాక్సు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, గట్టిగా మూతి కట్టి అటక మీద పెట్టించి రావచ్చు. ఒక్కో ఇంటికి అరగంట పడుతుంది.