అప్పు ఆమె పేర, పొలం ఆయన పేర

గ్రామీణ మహిళాభ్యుదయాన్ని గురించి మన సభల్లో ఉపన్యాసాలకు కొదవలేదు. పొదుపు సంఘాల వల్ల పల్లెటూరి స్త్రీ తన కాళ్ళమీద తాను నిలబడిందని ప్రతి వక్తా సెలవిస్తాడు, మనమూ చప్పట్లు కొడతాం. ఆ మాటను నేను పూర్తిగా కాదనను. కాని తిరువూరు ప్రాంతంలో, వినగడపలో రైతు ఇంట పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఒక సంగతి చెప్పక తప్పదు. అప్పు పుట్టడం వేరు, ఆస్తి ఉండడం వేరు. మన ఆడవాళ్ళకు మొదటిది దొరికింది. రెండోది ఏదీ?

సంఘాలను తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. 1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకం పెట్టినా, మన రాష్ట్రంలో దానికి ఊపిరి పోసింది నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు. 1992లో దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి స్త్రీలు సారా దుకాణం మీదికి వెళ్ళారు. వారి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పెద్ద చదువులు చదివినావిడ కాదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు తగలేసే డబ్బు దాచుకుందామని రూపాయి రూపాయి పొదుపు చేశారు. బ్యాంకు మెట్లెక్కి సంతకం పెట్టి తన ఖాతాలో డబ్బు అడగడం మా అమ్మమ్మ కాలంలో ఎవరైనా ఊహించారా?

అయితే ఆ డబ్బు ఎక్కడికి పోతోందో చూడండి. మా ఇంట్లో సంఘం లోను వచ్చిన మర్నాడు అది పురుగుమందుల కొట్లో బాకీకి జమ అవుతుంది. మా ఇంట్లోనే కాదు, మా వీధిలో చాలా ఇళ్ళల్లో అంతే. మిరపచేను నాన్న పేర, అప్పు అమ్మ పేర! 2021-22 పంటకాలంలో నల్ల తామరపురుగు పూత మీద పడి మిరపను ఊడ్చిపెట్టింది. చేను పోయింది గాని వాయిదా పోలేదు. అమ్మ పొద్దున్నే పత్తి ఏరడానికి కూలికిపోయి ఆ వాయిదాలు కట్టింది. గేదెకు కుడితి పెట్టేదీ, పేడ ఎత్తేదీ, పాలు పితికేదీ ఆవిడే. పాల కేంద్రంలో పేరు మాత్రం నాన్నది. అడిగితే "పేరెవరిదైతే ఏందిరా, తినేది అందరం గదా" అంటుంది. ఆ అందరిలో అప్పు తీర్చేటప్పుడు ఆవిడొక్కతే ఎందుకు మిగులుతుందో నాకింతవరకు బోధపడలేదు.

ఆస్తి లేని చేతికి అప్పు మీద అప్పు ఇస్తే ఏమవుతుందో మన కృష్ణా జిల్లాయే (అప్పటికి మేమూ ఆ జిల్లావాళ్ళమే) 2006లో లోకానికి చూపింది. సూక్ష్మరుణ సంస్థలు హెచ్చు వడ్డీకి, వారం వారం వాయిదాల మీద గుమ్మం దగ్గరికే అప్పు తెచ్చి ఇచ్చాయి. ఒకామె కట్టలేకపోతే తక్కిన సభ్యులే ఆమె వాకిట్లో కూర్చునే పరిస్థితి! జిల్లా అధికారులు యాభై దాకా బ్రాంచీలు మూయించవలసి వచ్చింది. 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సే తేవలసి వచ్చింది.

మరి ఆస్తి సంగతి? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో స్త్రీలవి నూటికి 14 మాత్రమే. మన రాష్ట్రం కొంత మెరుగేననుకోండి. చట్టం లేక కాదు. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానవాటా అని ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమలులోకి వచ్చింది, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు. అదే హక్కు దేశమంతటికీ 2005లో వచ్చింది. తండ్రి 2005కు ముందే పోయినా కూతురికి పుట్టుకతో హక్కుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. నలభై ఏళ్ళ చట్టం మా ఊరి రచ్చబండ దాకా ఇంకా నడిచి రాలేదు!

"కట్నం ఇచ్చాంగా, మళ్ళీ వాటా ఏంటి?" అంటారు. ఆ కట్నం మామగారి చేతికి పోయింది గాని పిల్ల చేతికి పోయిందా? పైగా కట్నమే 1961 నుంచి నేరం. నేరం చేశాం గనక న్యాయం చెయ్యనక్కర్లేదన్నట్టుంది ఈ వాదన. పొలం ఇస్తే అల్లుడు అమ్ముకుతింటాడని మరొక మాట. కొడుకులు అమ్ముకోలేదా? నూజివీడు దారిలో ఎన్ని మామిడితోటలు ప్లాట్లయ్యాయో బస్సు కిటికీలోంచి లెక్కపెట్టవచ్చు.

సోదర విద్యార్థులారా, ఇది ప్రభుత్వాన్ని తిట్టి ఊరుకునే విషయం కాదు. ఆ వాటా తీసి ఇవ్వవలసింది మనమే. మాకున్నది తాత ఇచ్చిన మూడెకరాలు. నాకొక అక్క. దాని పెళ్ళయి నాలుగేళ్ళయింది, సంఘంలో అప్పు తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. పంపకం జరిగేనాడు నాతో సమానంగా దాని పేరా పాస్‌బుక్కు ఉండాలని ఈ సంక్రాంతికి ఇంట్లో చెప్పాను. నాన్న మాట్లాడలేదు. బాబాయి మాత్రం "కాలేజీలో ఇవేనా నేర్పేది?" అన్నాడు. అక్కయితే, "నీకెందుకురా ఈ గొడవ, పుట్టింటికి రాకపోకలు పోతాయి" అని భయపడింది. రాకపోకలు పోకుండా వాటా ఎలా ఇవ్వాలో ఆలోచించుకోవలసింది ఇక నేనూ, నాన్నా.