బడి గుమ్మంలో చట్టం

అండమాన్ దీవుల్లో 2011 జనగణన నాటికి తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారిలో అనేకుల పూర్వులు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ సముద్రం దాటి వచ్చినవారే. పని ఉన్నప్పుడు ఓడ ఎక్కేవారికి బడులు తెరిచే తేదీతో పొత్తు కుదరదు.

అటువంటి కుటుంబం ఒకటి నవంబరు నెలలో షాదీపూర్‌లో అద్దె ఇంట దిగిందనుకుందాం. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో అదొక పేట. తండ్రి పదేళ్ల కూతురిని బడికి తీసుకువెళతాడు. పాత బడి నుంచి టీసీ రాలేదు; జనన ధ్రువపత్రం లేదు; విద్యాసంవత్సరం సగం గడిచింది. "వచ్చే ఏడు తీసుకురండి" అంటాడు ఉపాధ్యాయుడు. ఆ మాటలో దురుద్దేశం లేకపోవచ్చు. కాని అది చట్టవిరుద్ధమని ఆయనకూ తెలియదు, ఆ తండ్రికీ తెలియదు.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపరాదని 5వ సెక్షన్, వయసు రుజువు లేదని నిరాకరించరాదని 14వ సెక్షన్, గడువు దాటిందని త్రిప్పి పంపరాదని 15వ సెక్షన్ చెబుతున్నాయి. చదువు మధ్యలో మానిన పిల్లను సైతం వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్నది 4వ సెక్షన్. 5, 8 తరగతుల పరీక్షలు తప్పినవారిని అదే తరగతిలో ఉంచే వీలు 2019 సవరణతో వచ్చినా, ప్రాథమిక విద్య ముగిసేవరకు ఎవరినీ బడి నుంచి వెళ్లగొట్టరాదు.

ఈ అజ్ఞానానికి మన అనువాదం కూడా కొంత కారణమేమో! "ఉచిత నిర్బంధ విద్య" అన్నాము. నిర్బంధమనగానే పిల్లను, తల్లిదండ్రులను కట్టివేసే త్రాడు మనసులో మెదులుతుంది. చట్టంలోని 8వ సెక్షన్ వివరణ వేరు: ప్రవేశం, హాజరు, చదువు పూర్తి కావడం, ఈ మూడింటికీ పూచీ ప్రభుత్వానిది. కట్టుబడవలసినది ప్రభుత్వమే. బడి గుమ్మంలో ఆ ప్రభుత్వానికి ప్రతినిధి ఉపాధ్యాయుడు.

1950లో రాజ్యాంగం ఈ చదువును పదేళ్లలో అందించాలన్న ఆదేశంగా మాత్రమే పేర్కొన్నది. 1993లో ఉన్నికృష్ణన్ - ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దానిని ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2002 నాటి 86వ సవరణ ఆ హక్కును రాజ్యాంగంలోనే చేర్చింది. అర్ధశతాబ్దం పట్టిన ఈ ప్రయాణం ఒక్క మాటతో గుమ్మం దగ్గర నిలిచిపోకూడదు.

ప్రవేశం నిరాకరిస్తే 32వ సెక్షన్ క్రింద స్థానిక సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలలలో అది పరిష్కరించాలి. కాని కూలికి వచ్చిన తండ్రి ఆ దారి వెదకలేడు. ఉపాధ్యాయుల గదిలో ఈ నాలుగైదు సెక్షన్లు తెలుగులో వ్రాసి గోడకు అతికిస్తే, ఆ ఫిర్యాదు అవసరమే రాదు.