ఉద్యోగి మాటలు – యజమాని చెవులు

రుమేనియా దేశమున బుకారెస్టు నగరమందలి యొక ప్రైవేటు కంపెనీ 2007వ సంవత్సరమున నొక ఇంజనీరును పనినుండి తొలగించెను. ఖాతాదారులకు బదులిచ్చుటకై కంపెనీ కోరగా నాతడు తెరచిన యాహూ మెసెంజరును జులై 5 మొదలు 13 వఱకు కనిపెట్టి, సోదరునితోడను, వివాహమాడనున్న కన్యతోడను జరపిన సంభాషణములతో 45 పుటల ప్రతి నాతని ముందుంచిరి. అందు గుట్టుమాటలును గలవు! సొంతపనులకు కంప్యూటరును వాడరాదని యాతడెఱుగును. తన మాటలే చదువబడునని యెఱుగడు. యూరపియను మానవహక్కుల న్యాయస్థానము 2016లో యజమానిని సమర్థించినను, 2017 సెప్టెంబరు 5వ తేదీని విస్తృతపీఠము 11–6 ఆధిక్యముతో నుద్యోగి పక్షమున తీర్పుచెప్పెను. నిఘా బొత్తిగా కూడదని కాదు; దాని తీరును హద్దును ముందే తెలుపవలెననియు, తగిన కారణముండవలెననియు దాని భావము.

మనదేశమున గోప్యత ప్రాథమికహక్కని సుప్రీముకోర్టు 2017 ఆగస్టు 24న నిర్ణయించియున్నది. అయినను 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టపు 7వ సెక్షను, ఉద్యోగ ప్రయోజనములకును, యజమానిని నష్టమునుండి కాపాడుటకును, ఉద్యోగి సమ్మతి లేకయే యాతని వివరములను వాడుకొన వీలు కల్పించినది. ముందు తెలుపవలెనను నిబంధన యందు లేదు. హానికరమగు సైట్లను మూయుట నెవ్వరు కాదందురు? వాకిటికి తాళము వేయుట వేఱు, పెట్టె తెరచి జాబులు చదువుట వేఱు. హైదరాబాదు సాఫ్టువేరు కొలువులలో మన బిడ్డలు వేలకొలది యున్నారు. "ఉద్యోగ ప్రయోజనము" అను మాటకు హద్దెక్కడనో పార్లమెంటే స్పష్టముగ నిర్ణయింపవలెను.